పాత కార్లలో ఇరుసు విరిగి చక్రం ఊడిపోవడం

నడుస్తున్న కారు వెనుక ఇరుసు విరిగి చక్రం బండి నుండి వేరుపడటం వింటేజ్ కార్ల విషయంలో తరచుగా చర్చకు వచ్చే ప్రమాదం. బ్రిటిష్ సంప్రదాయంలో 1919 నుండి 1930 వరకు తయారైన కార్లను వింటేజ్ కార్లు అంటారు. వాడుకలో అంతకు ముందువాటిని, కొంత తరువాతివాటిని కూడా ఇదే పేరుతో పిలుస్తారు. ఈ వ్యాసంలో ఆ విస్తృతార్థమే గ్రహించాలి. ఈ సమస్యలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. ఇరుసు ఎందుకు విరుగుతుంది అనేది మొదటిది. విరిగిన ఇరుసుతో పాటు చక్రం కూడా ఎందుకు పోతుంది అనేది రెండవది. ఇరుసు విరిగినా చక్రం పోని వాహనాలు ఉన్నాయి కనుక ఈ రెంటినీ ఒకటిగా చూడరాదు.

ఎద్దుబండి ఇరుసు, కారు ఇరుసు

ఎద్దుబండిలో ఇరుసు తిరగదు. చక్రమే దాని చుట్టూ తిరుగుతుంది. బరువు మోయడం ఇరుసు పని. చక్రం బయటికి జారకుండా ఆపడం ఇరుసు కొసన ఉండే కడచీల పని. కారు వెనుక చక్రాలకు ఇంజను శక్తి అందాలి కనుక అక్కడ తిరిగే కడ్డీ తప్పదు. డిఫరెన్షియల్ నుండి కుడి, ఎడమ చక్రాలకు చెరొక ఉక్కు కడ్డీ వెళుతుంది. దీనిని హాఫ్ షాఫ్ట్ అంటారు. మన మెకానిక్కులు దీనినే యాక్సిల్ అని వ్యవహరిస్తారు. ఈ కడ్డీలు కేసింగ్ అనే తిరగని గొట్టంలో ఉంటాయి. బండి బరువును కడ్డీ మోయాలా, గొట్టం మోయాలా, చక్రాన్ని పట్టి ఉంచేది ఏది అన్నదానిని బట్టి ఇరుసులు మూడు రకాలు. ఐటిఐ, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విద్యార్థులకు ఇది సుపరిచితమైన పాఠం.

సెమీ ఫ్లోటింగ్ రకంలో బేరింగు గొట్టం లోపల, కడ్డీకి చుట్టూ ఉంటుంది. చక్రం నేరుగా కడ్డీ కొసకే బిగించబడి ఉంటుంది. అంటే చక్రాన్ని తిప్పడం, బరువు మోయడం, చక్రాన్ని పట్టి ఉంచడం అనే మూడు పనులూ ఆ ఒక్క కడ్డీవే. బేరింగుకు వెలుపల కడ్డీ విరిగితే చక్రాన్ని ఆపేది ఇంకేదీ లేదు.

త్రీ క్వార్టర్ ఫ్లోటింగ్ రకంలో బేరింగు గొట్టం వెలుపల ఉండి హబ్‌ను మోస్తుంది. నిలువు బరువు గొట్టం మీద పడుతుంది. ఇది మేలైన ఏర్పాటే గాని, పూర్తి రక్షణ అనుకోరాదు. 1927 చివరి నుండి 1931 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ ఎ ఇందుకు ఉదాహరణ. దాని హబ్ గొట్టం మీది రోలర్ బేరింగు మీదనే తిరుగుతుంది, కాని పక్కకు జారకుండా హబ్‌ను ఆపేది కడ్డీ కొసన ఉన్న నట్టు మాత్రమే. కడ్డీ విరిగితే నట్టుతో సహా హబ్ మెల్లగా బయటికి నడిచిపోతుంది.

ఫుల్ ఫ్లోటింగ్ రకంలో హబ్ రెండు బేరింగులతో గొట్టం మీదే నిలిచి, గొట్టానికే నట్టుతో బిగించబడి ఉంటుంది. కడ్డీ తిప్పే పని మాత్రమే చేస్తుంది. లారీలు, బస్సులు ఈ రకానివి. రోడ్డు పక్కన ఆగిన లారీకి జాకీ కూడా పెట్టకుండా హబ్ బోల్టులు విప్పి యాక్సిల్‌ను బయటికి లాగడం చాలామంది చూసే ఉంటారు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ ఎంబి జీపు వెనుక ఇరుసు కూడా ఈ రకానిదే. ఇక్కడ కడ్డీ విరిగితే బండి ఆగుతుంది, చక్రం పోదు. ఎద్దుబండి పద్ధతికి దగ్గరగా ఉన్నది నిజానికి ఇదే.

ఫోర్డ్ మోడల్ టి

1908 నుండి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైన మోడల్ టి కారులో ఉన్నది సెమీ ఫ్లోటింగ్ ఇరుసు. దాని బయటి బేరింగులు నిలువు రోలర్లతో చేసినవి. అవి బరువు మోస్తాయే గాని కడ్డీని పక్కకు జారకుండా పట్టుకోలేవు. కడ్డీని లోపలికి పట్టి ఉంచేది డిఫరెన్షియల్‌లోని గేరు మాత్రమే. కాబట్టి కడ్డీ కొసన విరిగితే చక్రం ఒక్కటే పోతుంది. లోపల విరిగితే మిగిలిన కడ్డీతో సహా చక్రం బయటికి వస్తుంది.

దీనికి మించిన చిక్కు బ్రేకులది. మోడల్ టి కాలి బ్రేకు చక్రాల వద్ద ఉండదు, గేరుపెట్టెలో ఉంటుంది. ఒక కడ్డీ విరిగితే డిఫరెన్షియల్ స్వభావం వలన కదలిక అంతా విరిగిన వైపుకే పోతుంది, అవతలి చక్రానికి బ్రేకు బలం అందదు. చక్రం ఊడిన క్షణంలోనే కాలి బ్రేకు కూడా పనికిరాకుండా పోతుందన్న మాట. అప్పుడు మిగిలేది వెనుక డ్రమ్ముల మీద పనిచేసే చేతి బ్రేకు, అదీ ఒక్క చక్రానికే. డిఫరెన్షియల్ వద్ద పక్కఒత్తిడిని తట్టుకోవడానికి ఫోర్డ్ వాడిన బాబిట్ లోహపు వాషర్లు కాలక్రమంలో పొడిగా రాలిపోవడం కూడా ఇదే పరిస్థితికి దారితీస్తుంది. గేర్లు ఎడమై చోదనం, కాలి బ్రేకు రెండూ పోతాయి. ఇరుసు విప్పినపుడు వీటి స్థానంలో కంచు వాషర్లు వేయడం తప్పనిసరి అని భావించాలి.

తరువాతి కాలపు హైడ్రాలిక్ బ్రేకుల కార్లలోనూ ఇటువంటి ఇబ్బంది ఉంది. చక్రంతో పాటు డ్రమ్ము పోతే బ్రేకు షూలు అడ్డు లేకుండా తెరుచుకుని, వీల్ సిలిండరు పిస్టన్లు బయటపడి, నూనె కారిపోతుంది. అన్ని చక్రాలకూ కలిపి ఒకే నూనె మార్గం ఉన్న ఆ కార్లలో నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి.

ఇరుసు ఎందుకు విరుగుతుంది

"పాత ఇనుము పెళుసెక్కి పుటుక్కున విరిగింది" అని చెప్పడం పరిపాటి. ఇది పొరపాటు. 1842 మే 8న వెర్సాయి నుండి పారిస్‌కు వస్తున్న రైలు మ్యూడాన్ వద్ద ఇంజను ఇరుసు విరిగి పట్టాలు తప్పి తగలబడింది. యాభై మందికి పైగా మరణించారు. మృతులలో నావికుడు, అన్వేషకుడు డ్యూమాన్ దుర్విల్ ఒకరు. కదలికల వలన ఇనుము స్ఫటికాలుగా మారిపోతుందని ఆనాడు పలువురు నమ్మారు. తరువాత జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850, 60 దశకాలలో చేసిన ప్రయోగాల వలన అసలు సంగతి స్థిరపడింది. ఒక్కసారి మోపితే ఏమీ చేయలేని బరువు కూడా లక్షలసార్లు తిరగమరగగా పడితే ఉక్కును విరుస్తుంది. దీనినే లోహపు అలసట అంటారు.

సెమీ ఫ్లోటింగ్ కడ్డీ విషయంలో ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. నేల చక్రాన్ని పైకి నెట్టడం వలన బేరింగు వద్ద కడ్డీ అడుగు భాగం సాగుతుంది, పై భాగం నొక్కుకుంటుంది. కడ్డీ సగం చుట్టు తిరిగేసరికి సాగినది నొక్కుకుంటుంది, నొక్కుకున్నది సాగుతుంది. 30 అంగుళాల టైరు కిలోమీటరుకు సుమారు 418 చుట్లు తిరుగుతుంది. అంటే 10,000 కి.మీ. ప్రయాణంలో కడ్డీ సుమారు 42 లక్షలసార్లు వంగి, తిరిగి వంగుతుంది. మలుపులలో పక్కకు నెట్టే బలం చక్రం వ్యాసార్ధమంత పొడవున మీటలా పనిచేయడం వలన ఈ వంపు మరింత పెరుగుతుంది. నున్నని కడ్డీ దీనిని ఏళ్ల తరబడి తట్టుకోగలదు. అయితే పదునైన అంచు గల కీ గాడి, లావు మారే చోట గుండ్రని మలుపు లేని మెట్టు, లేత్ గీత, తుప్పు గుంట వంటి చోట్ల ఒత్తిడి కేంద్రీకృతమై వెంట్రుక వంటి పగులు మొదలవుతుంది. పగులు పెరిగి, మిగిలిన లోహం చాలని రోజున కడ్డీ విరుగుతుంది. విరిగిన క్షణం ఆకస్మికమే, విరగడం మాత్రం ఏళ్లనాడే ఆరంభమై ఉంటుంది.

ఆ చరిత్ర విరిగిన ముఖం మీద కనబడుతుంది. పగులు నెమ్మదిగా పెరిగిన మేర నున్నగా, ఆల్చిప్ప మీది గీతల వంటి వలయాలతో ఉంటుంది. పలుచోట్ల తుప్పు రంగు కూడా పట్టి ఉంటుంది. చివరిగా తెగిన మేర మెరుస్తూ గరుకుగా ఉంటుంది. మెలితిప్పే బలం వలన విరిగితే ముఖం వేరుగా ఉంటుంది. సుద్దముక్కను వంచి విరిస్తే అడ్డంగా, దాదాపు సమతలంగా విరుగుతుంది. రెండు కొసలు పట్టి మెలిపెడితే 45 డిగ్రీల వాలులో మరమేకు చుట్టులా విరుగుతుంది. పెళుసుగా విరిగిన కడ్డీలోనూ ఇదే తేడా చూడవచ్చు. అందువలన విరిగిన ముక్కలను పారవేయరాదు, ఒకదానితో ఒకటి రుద్దరాదు.

కోనుకొస, కీ, నట్టు

పాత కార్లలో ఎక్కువ వాటిలో కడ్డీ కొస కోను ఆకారంలో ఉంటుంది. హబ్ దాని మీద కూర్చుంటుంది. మధ్యన ఒక కీ, కొసన నట్టు, దానికి స్ప్లిట్ పిన్ను ఉంటాయి. చక్రాన్ని తిప్పేది కీ అని చాలామంది అనుకుంటారు. సరిగా బిగించిన కోనులో తిప్పే బలాన్ని ప్రధానంగా అందించేది రెండు ముఖాల మధ్య ఘర్షణ. కీ కేవలం తోడు. నట్టు వదులైతే ఆ ఘర్షణ పోయి భారమంతా కీ మీద పడుతుంది. బండి ముందుకు లాగినప్పుడు, బ్రేకు వేసినప్పుడు హబ్ అటూ ఇటూ కదిలి కీ గాడి మూలలను గుద్దుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది. నా దృష్టిలో నివారణలో సగం భాగం ఈ కోనును సరిగా కూర్చోబెట్టడమే.

ముందుగా హబ్‌ను పుల్లరుతోనే తీయాలి. కడ్డీ కొసను సుత్తితో కొడితే మరలు చెడటమే గాక ఆ దెబ్బ లోపలి డిఫరెన్షియల్‌కు తగులుతుంది. రెండు కోను ముఖాలను శుభ్రపరచి, ఒకదానికి పలుచగా నీలిరంగు పేస్టు పూసి కూర్చి చూడాలి. రంగు చాలా మేర సమంగా అంటకపోతే సన్నని గ్రైండింగ్ పేస్టుతో, కీ తీసివేసి, రెండింటినీ కలిపి నూరుకోవాలి. ఆ తరువాత పేస్టు జాడ లేకుండా కడగాలి. నూరినకొద్దీ హబ్ లోపలికి జరుగుతుంది కనుక డ్రమ్ము వెనుక పలకకు రాసుకోవడం లేదని, నట్టు హబ్‌ను నొక్కకముందే మరల చివర ఆగిపోవడం లేదని చూసుకోవాలి. కీ గాడి పక్కలకు బిగువుగా ఉండాలి గాని, పైన కొద్దిపాటి ఖాళీ ఉండాలి. ఎత్తైన కీ హబ్‌ను ఎత్తిపట్టి, కోను తాకినట్లు భ్రమ కలిగిస్తుంది. అరిగిన హబ్‌లకు పలుచని రేకు చుట్టి బిగించే అలవాటు మోడల్ టి వాడుకదారులలో పూర్వం నుండి ఉంది. ఇంటికి చేరడానికి అది సరిపోవచ్చు, శాశ్వత వైద్యం కాదు.

నట్టును తయారీదారు చెప్పిన మేరకు టార్క్ రెంచితో బిగించాలి. స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును మరికొంత ముందుకు తిప్పాలి, వెనక్కు ఎన్నడూ తిప్పరాదు. అది కుదరకపోతే వాషరు మార్చాలి. మొదటి 50 కి.మీ. తరువాత, మళ్ళీ 150 కి.మీ. తరువాత పిన్ను తీసి బిగువు చూడాలి, ఎందుకంటే కొత్తగా కూర్చిన కోను కొంత సర్దుకుంటుంది. నట్టు మీదుగా హబ్ మీదికి ఒక రంగు గీత గీస్తే కదలిక కంటితోనే తెలుస్తుంది.

పగులును ముందే కనిపెట్టడం

హబ్ చుట్టూ ఎర్రమట్టి వంటి సన్నని పొడి రాలడం, బయలుదేరినప్పుడు లేదా రివర్సులో 'టక్' మని ఒక్క చప్పుడు రావడం, చక్రం ఊగడం, డ్రమ్ములోకి నూనె చేరడం గమనించవలసిన గుర్తులు. బండిని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. అయితే పగులు ఏ చప్పుడూ చేయకుండా పెరగవచ్చు కనుక కడ్డీని బయటికి తీసి పరీక్షించడమే నమ్మదగినది.

అయస్కాంత కణ పరీక్షలో కడ్డీని అయస్కాంతీకరించి సన్నని ఇనుప కణాలు గల ద్రవం పోస్తారు. పగులు ఉన్నచోట కణాలు గీతగా చేరతాయి. రంగు ద్రవం పగుళ్ళలోకి ఇంకేలా చేసి, తుడిచి, తెల్లని పూత వేసే డై పెనెట్రెంట్ పరీక్ష మరొకటి. ఇది ఉపరితలానికి తెరుచుకున్న పగుళ్ళనే చూపుతుంది. పూర్వం రైల్వే వర్క్‌షాపులలో కడ్డీని నూనెలో ఉంచి, తుడిచి, సుద్దపొడి పూసేవారు. పగులులోని నూనె సుద్దను తడిపి నల్లని గీత చూపేది. ఈ పద్ధతి సన్నని పగుళ్ళను పట్టలేదు. కోనుకొస, కీ గాడి, బేరింగు కూర్చునే చోటు, లోపలి గేరు వైపు కొస ప్రత్యేకంగా చూడవలసినవి.

పగులు కనబడిన కడ్డీని వెల్డింగు చేయరాదు. వెల్డింగు వేడికి చుట్టుపక్కల ఉక్కు గుణం మారి, కొత్త పగులుకు చోటిస్తుంది. తుప్పు గుంటలు పోయేవరకు లేత్ మీద చెక్కడం కూడా ఆలోచించి చేయవలసిన పని. కడ్డీ బలం వ్యాసం ఘనాన్ని అనుసరిస్తుంది కనుక 30 మి.మీ. కడ్డీని 28 మి.మీ.కు తగ్గిస్తే సుమారు 19 శాతం బలం పోతుంది.

కొత్త కడ్డీ, హబ్ మార్పు

కొత్త కడ్డీని ఈఎన్ 24 వంటి నికెల్-క్రోమియం-మాలిబ్డినం ఉక్కుతో, తగిన ఉష్ణోపచారంతో చేయించడం వాడుకలో ఉంది. ఉక్కు రకం కన్నా ఆకారం ముఖ్యం. లావు మారే ప్రతిచోటా గుండ్రని మలుపు, గుండ్రని మూలల కీ గాడి, నున్నని ఉపరితలం లేకపోతే ఖరీదైన ఉక్కు కూడా పాతదాని దారినే పోతుంది. రెండు వైపుల కడ్డీలూ అన్నే చుట్లు తిరిగినవి కనుక ఒకటి విరిగితే రెండవదానిని కూడా మార్చాలి, కనీసం పరీక్షించాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ విరగకుండా చూసే మార్గాలు. విరిగినా చక్రం నిలిచేలా చేయడం వేరే మార్గం. మోడల్ టి వంటి కార్లకు బరువును గొట్టం మీదికి మార్చి, హబ్‌ను గొట్టానికే పట్టి ఉంచే ఫ్లోటింగ్ హబ్‌లు లభిస్తాయి. ఇది అసలు రూపాన్ని చెడగొడుతుందని కొందరు యజమానులు ఒప్పుకోరు. ప్రదర్శనశాలలో నిలిచి ఉండే బండి విషయంలో ఆ మాట న్యాయమే. మనుషులను ఎక్కించుకుని రోడ్డు మీద తిరిగే బండి విషయంలో, హబ్ లోపల కనబడని మార్పును కాదనడం సబబుగా తోచదు. దీనితో పాటు వెనుక డ్రమ్ముల మీద పనిచేసే అదనపు బ్రేకులు అమర్చడం మోడల్ టికి ఎంతో మేలు.

నడిపేటప్పుడు

క్లచ్‌ను ఒక్కసారిగా వదలడం, గుంటలలో వేగంగా దించడం, మలుపులలో వేగం కడ్డీ ఆయుష్షును తగ్గిస్తాయి. చక్రం ఊడిన పక్షంలో స్టీరింగును గట్టిగా పట్టుకుని, అకస్మాత్తుగా తిప్పకుండా, ఇంజను శక్తి తగ్గించి, చేతి బ్రేకును మెల్లగా లాగుతూ బండిని రోడ్డు అంచుకు చేర్చాలి. ఊడిన చక్రం బండి కన్నా ముందుగా పరుగెత్తి పాదచారులను ఢీకొనవచ్చు కాబట్టి, ప్రదర్శనలలో జనసమూహం దగ్గర నడక వేగం మించరాదు.

భారతదేశంలో 2021 జూలైలో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం 50 సంవత్సరాలు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా, నంబరులో 'విఎ' అక్షరాలతో నమోదు చేస్తారు. వీటిని నిత్య ప్రయాణాలకు గాని, వ్యాపారానికి గాని నడపరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం వంటి అవసరాలకే రోడ్డు మీదికి తేవచ్చు. ఏడాదికి కొద్ది కిలోమీటర్లే తిరుగుతుంది కనుక ఇరుసుకు భయం లేదని దీనిని బట్టి అనుకోవడం సరికాదు. కడ్డీలోని పగులు పాత యజమానుల కాలంలో తిరిగిన చుట్లన్నింటినీ దాచుకుని ఉంటుంది. పైగా నెలల తరబడి కదలకుండా నిలిచిన బండిలో తేమ చేరి కడ్డీ మీద కొత్త తుప్పు గుంటలు పడతాయి. ఇటువంటి బండికి ఇరుసు పరీక్షను కిలోమీటర్ల లెక్కన కాక సంవత్సరాల లెక్కన నిర్ణయించుకుని, ప్రతి ర్యాలీకి ముందు హబ్ నట్ల బిగువు చూడాలి.