పదవ రోజు జ్వరం

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల చప్పుడు రాత్రింబవళ్ళు వినవస్తూనే ఉంటుంది. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఈ నగరంలో స్థిరపడినవి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు సైతం నెలకొల్పినది.

ఆ వీధులలో ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇల్లాలికి రొమ్ము క్యాన్సరు. మొదటి విడత కీమోథెరపీ ఎక్కించుకుని వచ్చి పది రోజులైనది. వాంతులు తగ్గినవి, అన్నం సయిస్తున్నది. గండం గడిచినదని ఇంటివారు ఊపిరి పీల్చుకున్నారు. భర్త మళ్ళీ పన్నెండు గంటల పాళీకి పోతున్నాడు. ఆ రాత్రి ఆమెకు చలిపెట్టి జ్వరం వచ్చినది.

“దోమల జ్వరమే అక్కా, ఒక గోలీ వేసుకుని పండుకో,” అంటుంది పొరుగింటి ఆమె.

తాపీ నది ఒడ్డున, వానకాలమంతా మలేరియా, డెంగీ జ్వరాలు వచ్చిపోయే ఊరిలో ఆ సలహా సహజమైనదే. గోలీ పని చేస్తుంది కూడా, జ్వరం దిగుతుంది. ప్రమాదం అక్కడే పొంచి ఉన్నది.

కీమోథెరపీ మందులు త్వరత్వరగా విభజన చెందే కణాలను నాశనం చేస్తాయి. క్యాన్సరు కణాలు అటువంటివే; ఎముకలలోని మూలుగలో రక్తాన్ని తయారు చేసే కణాలూ అటువంటివే. ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది కనుక రక్తహీనత మెల్లగా బయటపడుతుంది. ప్లేట్‌లెట్ల ఆయుర్దాయం 8 నుండి 10 రోజులు. సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్లకణం అంతకన్నా అల్పాయుష్షు కలది. మూలుగ నుండి కొత్తవి రాకపోతే రక్తంలోని నిల్వ ఇట్టే తరిగిపోతుంది. అనేక మందుల విషయంలో వీటి సంఖ్య చికిత్స జరిగిన 7వ రోజు నుండి 14వ రోజు మధ్య అట్టడుగుకు చేరుతుంది. అంటే రోగి ఆసుపత్రిలో లేని రోజులలో, ఒంట్లో కాస్త బాగున్నదని అనిపించే రోజులలోనే అన్నమాట.

ఈ స్థితిలో శరీరం తన బాధను చెప్పుకోలేదు. మామూలుగా పుండు పడితే ఎర్రబడి, వాచి, చీము పడుతుంది. ఆ చీములో అధికభాగం చచ్చిన న్యూట్రోఫిల్ కణాలే. ఆ కణాలే లేనప్పుడు చీము ఎక్కడిది? ఊపిరితిత్తులలో వ్యాధి ఉన్నా ఎక్స్‌రే చిత్రం మొదట్లో నిర్మలంగా కనిపించవచ్చును. తరచుగా జ్వరమొక్కటే సాక్ష్యం. పారాసెటమాల్ గోలీ ఆ ఒక్క సాక్షి నోరు మూయిస్తుంది.

ఈ మందుల చరిత్రలో ఒక తెలుగువాని పాత్ర ఉన్నదని చాలామందికి తెలియదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై పరిశోధనలు నడిపినాడు. దానికి విరోధులైన రసాయనాలను ఆయన బృందమే తయారు చేసినది. వాటిలో అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చినాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించినదని 1948లో ప్రకటించినాడు. సుబ్బారావు ఆ సంవత్సరమే కన్నుమూసినాడు. మందు మూలుగను ఎంతగా అణచుచున్నదో తెలుసుకొనడానికి ఆనాడే రక్తకణాలను లెక్కించవలసి వచ్చినది. నేటికీ ప్రతి విడతకు ముందు ఆ లెక్క తప్పదు.

అయితే ఆ లెక్క కోసం రోగి ఆసుపత్రికే పోవాలా? ఒక నేతకార్మికునికి అది ఒక రోజు కూలి నష్టం. తీరా పోయిన తరువాత కణాలు తక్కువగా ఉన్నవి, వచ్చే వారం రండి అంటే ఆ నష్టం రెండింతలవుతుంది. పైగా దగ్గులతో, జ్వరాలతో నిండిన వరండాలో గంటల తరబడి కూర్చొనడం అప్పటి ఆమె స్థితిలో మంచిది కాదు. అందుకే ఇంటి వద్దనే రక్తం తీయించడం సౌకర్యం మాత్రమే కాదు, కొంతవరకు రక్షణ కూడా.

మన దేశంలో సామాన్య కుటుంబానికి ఇంటి రక్తపరీక్ష అంటే ల్యాబు నుండి మనిషి వచ్చి, నరం నుండి రక్తం తీసి, లేత ఊదారంగు మూత గల గొట్టంలో పట్టుకుపోవడమే. చిన్న పనే గాని మెలకువలున్నవి. గొట్టాన్ని ఎనిమిది పది సార్లు మెల్లగా తలక్రిందులు చేయాలి. గడ్డకడితే ప్లేట్‌లెట్ల సంఖ్య తప్పుగా తక్కువ కనబడుతుంది. గట్టిగా ఊపరాదు. మే నెల ఎండలో మోటారు సైకిలు పెట్టెలో మధ్యాహ్నం దాకా తిరిగిన రక్తం ఏం చెబుతుందో నమ్మలేము. కొద్ది గంటలలో ల్యాబుకు చేరాలి. రొమ్ము శస్త్రచికిత్స జరిగిన వైపు చేతిని సాధారణంగా తప్పిస్తారు. ఛాతీలో అమర్చిన పోర్టు నుండి రక్తం తీయడం మాత్రం శిక్షణ పొందిన నర్సు పని.

కాగితం చేతికి వచ్చిన తరువాత మరొక చిక్కు. మొత్తం తెల్లకణాలు 2,000 అని చూసి, కొంచెమే తగ్గినవిలే అనుకుంటారు. న్యూట్రోఫిల్స్ 20 శాతం అని క్రింద ఎక్కడో ఉంటుంది. రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేది 400. ఘన మిల్లీమీటరు రక్తంలో 1,500కు తగ్గితే లోపం, 500కు తగ్గితే తీవ్రమైన ప్రమాదం. ఈ గుణకారం కొన్ని ల్యాబులు తామే చేసి ముద్రిస్తాయి, కొన్ని చేయవు. ఏడవ తరగతి చదివే పిల్లవాడు చేయగల లెక్క ఇది. తల్లి కాగితాలు చూసే పని వానికి అప్పగించినా తప్పులేదని నా అభిప్రాయం.

విదేశాలలో యంత్రమే ఇంటికి వస్తున్నది. స్వీడనుకు చెందిన హిమోక్యూ సంస్థ తయారుచేసిన ఒక చిన్న పరికరం వేలికొన రక్తబిందువుతో కొద్ది నిమిషాలలో తెల్లకణాలను రకాలవారీగా లెక్కిస్తుంది. రక్తం రాలేదని వేలిని గట్టిగా పిండితే మాత్రం కండలోని ద్రవం కలిసి లెక్క తప్పవచ్చును. సూది అవసరమే లేకుండా, గోరు మొదట్లోని సన్నని రక్తనాళాలను కెమెరాతో చూసి తీవ్రమైన లోపాన్ని పసిగట్టే పద్ధతిని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు తమ సహచరులతో కలిసి 2018లో ప్రకటించినారు.

ఇంతవరకు ఇంటి పరీక్షను మెచ్చుకున్నాను. దానివల్ల ప్రాణం పోయే సందర్భం కూడా ఒకటున్నది. జ్వరం వచ్చినప్పుడు, “రేపు ల్యాబు అబ్బాయిని పిలిచి రక్తం చూపిద్దాం” అనుకొనడమే అది. ఏడవ రోజున బాగున్న సంఖ్య పన్నెండవ రోజుకు హామీ ఇవ్వదు. థర్మామీటరు 100.4 డిగ్రీలు చూపినదంటే, ఉదయం దాకా ఆగరాదు. గోలీ మ్రింగి జ్వరాన్ని దాచరాదు. అటువంటి రోగి ఆసుపత్రికి చేరిన గంటలోపుగా నరం ద్వారా యాంటీబయాటిక్ మందు పడాలని వైద్యశాస్త్రం నిర్దేశిస్తున్నది. లెక్క వచ్చేదాకా కూడా వైద్యులు వేచి ఉండరు. మలేరియా అవునో కాదో అక్కడే చూస్తారు.

లింబాయత్ ఇంటికి తిరిగి వద్దాం. ఆ ఇంటిలో ఉండవలసినవి ఒక థర్మామీటరు, చికిత్స తేదీ వ్రాసి పెట్టిన క్యాలెండరు, రాత్రివేళ ఎత్తే ఆసుపత్రి టెలిఫోను నంబరు. ఆ నంబరును మొదటి విడత నాడే, సెలైను సీసా ఇంకా వ్రేలాడుతుండగానే, అడిగి తీసుకోవాలి. అర్ధరాత్రి ఆటోలో పోయిన తరువాత బల్ల దగ్గరి మనిషికి మొట్టమొదట చెప్పవలసిన మాట “జ్వరం” అని కాదు. “కీమో జరిగి పది రోజులైనది, ఇప్పుడు జ్వరం” అని. గుజరాతీలో గాని, హిందీలో గాని ఆ ఒక్క వాక్యం ఇంటిలో అందరికీ నోటికి వచ్చి ఉండాలి.