సంఖ్య చెప్పని సామాన్య వాక్యములు: వాదములో వాటి బలము, వాటి ప్రమాదము

"దోమలు మలేరియా తెస్తాయి." "నిర్మల్ వారు పొణికి చెక్కతో బొమ్మలు చేస్తారు." ఈ మాటలను మన ప్రాంతములో ఎవరును కాదనరు. అయితే మలేరియాను మనుష్యునికి చేర్చునది ఆడ అనాఫిలిస్ దోమ మాత్రమే. అందులోను రోగక్రిమి సోకినదే. నిర్మల్‌లో బొమ్మలు చేయువారు కొన్ని కుటుంబములవారే. అనగా "అందరు", "కొందరు" అను మాట చేర్చని సామాన్య వాక్యము లెక్కను బట్టి నిజమగుట లేదు. మరి దేనిని బట్టి? అట్టి వాక్యముతో ఒక వ్యక్తిని గూర్చి తీర్పు చెప్పవచ్చునా? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలించుచున్నాము.

1. తర్కశాస్త్రములో దాని స్థానము

అరిస్టాటిల్ వాక్యములను సార్వత్రికము, విశేషము, అనిర్దిష్టము అని విభజించెను. సంఖ్య చెప్పనిది అనిర్దిష్టము. దాని నుండి "కొందరు" అన్నంత మేరకే నిర్ణయము తీయుట క్షేమమని తర్కశాస్త్ర సంప్రదాయము. మన న్యాయశాస్త్రము మరింత కఠినమైనది. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నదని చెప్పవలెనంటే ఆ రెంటి మధ్య తప్పని సంబంధము, అనగా వ్యాప్తి, ఉండవలెను. ఒక్కచోట తప్పినను ఆ హేతువు చెల్లదు.

వాడుక భాష ఈ రెండు కొలతలకును లొంగదు. "కోళ్లు గుడ్లు పెడతాయి" అంటే ఒప్పుకుంటాము. "కోళ్లు పెట్టలు" అంటే ఒప్పుకోము. గుడ్లు పెట్టునవన్నియు పెట్టలే అయినను మొదటి మాట చెల్లినది, రెండవది చెల్లలేదు. కాబట్టి ఇక్కడ పనిచేయునది లెక్క కాదు. ఆ జాతికి సహజమని మనము తలంచు లక్షణము. ప్రమాదము కూడ అట్లే పనిచేయునని సారా జేన్ లెస్లీ అను తత్త్వవేత్త 2008లో వివరించిరి. భయము కలిగించు గుణమైతే, బహు కొద్దిమందిలో కనబడినను జాతి అంతటికి అంటగట్టుటకు మనస్సు వెనుకాడదు.

2. వాదములో జరుగు మార్పు

మన పల్లెలలో వినబడు ఇట్టి సంభాషణను గమనించుడి.

"పట్నపోళ్లు మోసం చేస్తరు."
"మా బావ పట్నంలనే ఉంటడు గద అన్నా, ఆయన మోసం చేస్తడా?"
"ఆయన ముచ్చట వేరు."

ఇక్కడ మినహాయింపు దొరికినను వాక్యము పడిపోలేదు. మరుసటి వారమే పట్నము నుండి కొత్తవాడు వచ్చినప్పుడు అదే మాట "ఇతడును మోసగాడే" అను తీర్పుగా మారును. ఎదిరించినప్పుడు "కొందరు" అని తగ్గును. ప్రయోగించినప్పుడు "అందరు" అని పెరుగును. సింపియన్, బ్రాండోన్, గెల్మన్ అను పరిశోధకులు 2010లో ప్రకటించిన అధ్యయనము కూడ ఇదే చూపినది: ఇట్టి వాక్యమును అంగీకరించుటకు కొద్ది సాక్ష్యము చాలును, అంగీకరించిన తరువాత దాదాపు అందరికి వర్తించునని భావింతురు.

3. మాట చట్టమైనప్పుడు

ఇది కేవలము మాటల చర్చ కాదు. "ఫలాని కులమువారు దొంగలు" అను సంఖ్య లేని మాట 1871లో నేరస్థ తెగల చట్టమైనది. 1911 చట్టముతో అది మద్రాసు రాష్ట్రమునకును వ్యాపించినది. ఎరుకలవారిని పుట్టుకను బట్టి అనుమానితులుగా నమోదు చేసిరి. బాపట్ల సమీపమున స్టువర్టుపురములో వారి కొరకు ఏర్పడిన సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ నడిపినది; గనుక ఈ చరిత్రను సంఘము తనకు సంబంధము లేనిదిగా చదువజాలదు. 1952లో చట్టము రద్దయినను మాట రద్దు కాలేదు.

ఆదిలాబాద్ అనుభవము మరియొక సంగతిని నేర్పును. "గోండులు చదువుకోరు" అను మాట ఒకప్పుడు లెక్కకు సరిపోయినదే. కాని అది వారి స్వభావమును కాదు, వారికి బడి లేని స్థితిని తెలిపినది. 1943లో హైమెన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో శిక్షణ కేంద్రము ఏర్పడి, గోండు యువకులే ఉపాధ్యాయులైరి. స్థితి మారగానే వాక్యము మారినది. స్థితిని స్వభావముగా చెప్పుటయే ఇట్టి వాక్యముల రహస్య దోషము.

4. వాక్య పఠనములో

సామెతల గ్రంథము 26వ అధ్యాయము 4, 5 వచనములు మూఢునికి ప్రత్యుత్తరమిచ్చుటను గూర్చి పరస్పర విరుద్ధముగా కనబడును. అవి సార్వత్రిక సూత్రములైతే ఒకటి తప్పవలెను; సామాన్య వాక్యములు గనుక రెండును సమయమును బట్టి నిలుచును. యోబు స్నేహితులు చేసిన పొరపాటు ఇక్కడనే. దుష్టులు శ్రమపడుదురను సామాన్య సత్యమును సార్వత్రికము చేసి, దానిని తలక్రిందులు చేసి, శ్రమపడువాడు దుష్టుడని తేల్చిరి. గ్రంథాంతమున దేవుడు వారినే మందలించెను.

5. ముగింపు

సామాన్య వాక్యములు లేక సంభాషణ సాగదు; దోమతెర కట్టుకొనుటకు దోమలను లెక్కించనక్కరలేదు. అయితే అట్టి వాక్యము ఒక మనుష్యుని మీదికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఎందరిని చూచి ఈ మాట చెప్పుచున్నాము? ఇది వారి స్వభావమా, స్థితియా? ఈ వ్యక్తిని గూర్చి మనకు నిజముగా తెలిసినదేమి? వాక్యము పలికినప్పుడు కాకపోయినను, తీర్పు చెప్పబోవునప్పుడైనను ఈ ప్రశ్నలు తప్పవు. సంఘ పంచాయితీలో కూర్చుండువారికి, పెండ్లి సంబంధములు విచారించు పెద్దలకు ఇవి మరింత అవసరమని మా మనవి.