చెరువు గట్లపై అంటువార్త

నందివాడ చేపల చెరువులలో పగలు నాచు ప్రాణవాయువునిచ్చును. రాత్రి అదియును పీల్చుకొనును. అందుచే తెల్లవారుజామున చేపలకు గండము. దానిని కనిపెట్టుటకు గట్లవెంట బ్యాటరీ సెన్సార్లను నిలిపితిమనుకొందము. వాని రేడియో పిలుపు పొరుగువరకే అందును. కావలివాడు ఏ పాకలోనున్నను వార్త చేరవలెనన్న, అది అంటువ్యాధివలె ఒకదానినుండి మరొకదానికి సోకవలెను.

మరి చెప్పుట ఎప్పుడు మానవలెను? మానకున్న బ్యాటరీ హరించును. 1987లో అమెరికాలో అలన్ డెమర్స్ బృందము కంప్యూటర్లకై ఈ లెక్క కట్టినది. ఎదుటిది ముందే విన్నదని తెలియగానే మానినచో, నూటికి 20 కంప్యూటర్లకు వార్త అందదు. అట్లుగాక నాణెము ఎగురవేసి, బొమ్మ పడిననే మానినచో, అందనివి 6 మాత్రమే. ఎవరినైనను పిలువగలిగినప్పటి లెక్క ఇది. పొరుగుతోనే మాటలాడు సెన్సార్లకు అంకెలు మారును. కావలివాని పాక ఆ అందనివానిలోనే ఉండవచ్చును! కనుక సెన్సార్లు అప్పుడప్పుడు జంటలుగా తమ వార్తలను సరిచూచుకొనవలెను.