ఆకు చెప్పెడి సాక్ష్యము

వైద్యుడు నాడి చూచి, రక్తము పరీక్షించి వ్యాధి నిర్ణయించును. చెట్టునకును నట్టి పరీక్ష గలదు.

1980 ప్రాంతమున జర్మనీదేశపు టడవులలో సూదులవంటి యాకులు గల స్ప్రూసు, ఫర్ వృక్షములు పసుపువన్నెకు దిరిగి సూదులు రాల్చుచుండగా, శాస్త్రజ్ఞులు వెలుపలి రూపముతో దృప్తిచెందక సూదులను నూఱి లోని రసమును శోధించిరి. ఏలయన, పసుపువన్నె కంటికి గానవచ్చుటకు మునుపే లోపలి హాని యారంభమై యుండును.

పటాన్‌చెరువు బాటల ప్రక్క నట్టి యడవులు లేవు. (మన సరుగుడు చూపునకు వానిని బోలినను ఆ జాతిది కాదు, అది పూలు పూచు చెట్టు.) ఇచ్చట నున్నవి వేప, కానుగ, రావి. అయినను లోపలి రసాయనవిధి యొక్కటియే. 1970 తరువాత నిచ్చట మందుల కార్ఖానాలు, రసాయన కార్ఖానాలు వెలసెను. వాని మురుగు నక్కవాగున బడి మంజీర దెసకు బాఱెను. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కెను. 2007లో ప్రచురితమైన యొక పరిశోధనలో, ఉమ్మడి శుద్ధికేంద్రము విడిచిన నీటియందు లీటరునకు 31 మిల్లీగ్రాములవఱకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు కనబడెను. నీటినైన సీసాలో బట్టి దాచి కోర్టునకు జూపవచ్చును. నిన్న వీచిన గాలి నెవ్వరు పట్టగలరు? దాని జాడ కొంత యాకులో మిగులును.

బొగ్గుపొగలోని సల్ఫర్ డయాక్సైడు పత్రరంధ్రములలో జొచ్చి, తేమలో గరగి యామ్లగుణము వహించును. పత్రహరితపు నడుమ మాగ్నీషియ పరమాణు వొకటి గలదు. ఆమ్లము హెచ్చినచో నది యూడిపోయి పచ్చదనము చెడును. గోంగూర యుడికినపుడు వన్నె మాఱుట చూచినవారికి దీనిని వేఱుగ జెప్పనక్కఱలేదు. ఈ హాని నడ్డగించు కాపరులలో విటమిన్ సి ముఖ్యము.

1983లో సింగ్, రావు గార్లు చెట్టు యోర్పును గణించు సూత్రమును జెప్పిరి: పత్రహరితపు కొలతకు ఆకురసపు పి.హెచ్. అంకెను గూడి, విటమిన్ సి కొలతతో హెచ్చించి, ఆకులోని నీటి శాతమును గలిపి, పదిట భాగింపవలెను. అంకె పెద్దదైనచో చెట్టు గట్టిది.

విటమిన్ సి పరీక్ష పాఠశాలలోనే చేయదగినది. ఆమ్లములో నూఱి వడగట్టిన యాకురసమున డైక్లోరోఫినాల్ ఇండోఫినాల్ అను నీలిరంగును బొట్టుబొట్టుగా విడువవలెను. విటమిన్ ఉన్నంతవఱకు రంగు మాయమగును; అది తీరినపిదప గులాబివన్నె నిలుచును.

కాని తొందరపడి తీర్పు చెప్పరాదు. వేసవిలో నీరులేక వడలిన వేపయు నిట్టి చిహ్నములే చూపవచ్చును. ఆకు దెబ్బతిన్నదని తెలియును గాని, కొట్టినవాడెవడో దానివలననే తెలియదు. కావున కార్ఖానాల చెంత నొక వేపను, సంగారెడ్డికి దూరపు పల్లెలో మఱియొక వేపను ఎంచి, ఒకే వయసు గల యాకులను ఒకే యుదయమున గోసి పోల్చవలెను. కోసిన యాకులను వెంటనే మంచుగడ్డలలో నుంచవలెను. లేనిచో దారిలోనే విటమిన్ నశించును.