దుక్కిని నిలబెట్టే తోక చక్రం

ఏరువాక సంచిక ముఖచిత్ర కథనానికి అనంతపురం మెట్ట సేద్యం మీద రాయమన్నారు ఎడిటర్. గడువు దగ్గరపడింది. వాన లెక్కలు, వేరుశనగ ధరలు రాసుకొద్దామనే శింగనమల వెళ్లాను. అవి ఏటా రాసేవే. అక్కడ నన్ను నిలబెట్టేసింది వెల్డింగ్ షాపు పక్కన, కంపచెట్ల కింద పడి ఉన్న పాత మూడు డిస్కుల మడక. అంతకన్నా దాని వెనకున్న ఇనుప చక్రం.

మూరెడు ఎత్తుంటుంది. అంచు సన్నం. నిటారుగా ఉండదు, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. పైన బలమైన స్ప్రింగు, దాన్ని బిగించే బోల్టు. ఆసరాకు పెట్టిన చక్రమనుకుంటాం గానీ దాని పని వేరు. డిస్కులు మట్టిని కుడికి విసురుతాయి. ఆ విసురుకు మడక ఎడమకు, దున్నని నేలవైపు నెట్టుకుపోతుంది. రెక్క నాగలికైతే ఆ తోపుడు కాచుకోవడానికి చాలు గోడకు ఆనే ఇనుప పట్టీ ఉంది. డిస్కులకు లేదు. ఈ చక్రమే చాలు మూలలోకి అంచు దింపి, గోడకు ఆని, ఆ బరువంతా మోస్తుంది.

‘‘బుష్ అరిగి చక్రం ఊగులాడిందనుకో సార్, మడక మన మాట ఇనదు. ఒక చాలు లోతు, ఒక చాలు పైపైన పడతాది. వాన నీళ్లు లోతు చాలు పట్టుకొని పారిపోతాయి’’ అన్నాడు అక్కడున్న పెద్దవయసు డ్రైవర్. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఆ మాటకు ఎంత బరువుందో వేరే చెప్పక్కర్లేదు.

చక్రాల లెక్క అక్కడితో అయిపోదు. దున్నేటప్పుడు ట్రాక్టర్ కుడి చక్రాలు చాలులో నడుస్తాయి. మొదటి చాలుకు నాలుగూ దున్నని నేల మీదే. రెండో చాలు నుంచి కుడివి కిందికి దిగుతాయి, బండి ఒరుగుతుంది. మడక మాత్రం ఒరగకూడదు. కుడి లిఫ్టు రాడ్‌కు తిప్పే పిడి పెట్టింది అందుకే. మొదటి చాలు పడగానే దిగి ఆ పిడి సరిచేసుకునే డ్రైవర్ చేతికే పొలం ఇవ్వాలంటాను.

టైరు మీది అంకెలూ చదవాలి. మాసీ 1035 ట్రాక్టర్ వెనక టైరు 12.4–28. అంటే వెడల్పు 12.4 అంగుళాలు, రిమ్ము 28. చివరి డిస్కు కోసే చాలు సుమారు పది, పన్నెండు అంగుళాలు. ఆ టైరుకు అది దాదాపు సరిపోతుంది. ఇప్పటి పెద్ద బండ్లకు 14.9, 16.9 టైర్లు. చాలులో పట్టక, అప్పుడే తిరగేసిన మట్టిని మళ్లీ తొక్కేస్తాయి.

ఇక చరిత్ర. తొలినాళ్ల ట్రాక్టర్ నాగళ్లకు సొంతంగా మూడు చక్రాలుండేవి: ఒకటి దున్నని నేల మీద, రెండు చాలులో. హ్యారీ ఫెర్గూసన్ మూడు చోట్ల తగిలించే పద్ధతి 1939లో ఫోర్డ్ ట్రాక్టర్‌తో విరివిగా వచ్చాక నాగలి బండికే వేలాడింది, చక్రాలు పోయాయి. డిస్కు మడకకు మాత్రం తోక చక్రం మిగిలింది.

ఇప్పుడు ఎక్కడ చూసినా రోటవేటర్. మట్టి పిండిలా అవుతుంది, చూడ్డానికి బాగుంటుంది. నాకు దాని మీద నమ్మకం లేదు. నాలుగైదు అంగుళాలే కదిలించి, ఏళ్ల తరబడి అదే లోతున తిరిగితే అడుగున గట్టి పొర కడుతుంది. పైన పిండైన ఎర్రమట్టి వానకు అట్టకట్టి నీటిని దిగనివ్వదు. వేసవి జల్లు పడగానే వాలుకు అడ్డంగా జానెడు లోతు దుక్కి పడాలి. రాళ్ల నేలలో ఆ పని డిస్కే చేయగలదు. రాయి తగిలితే దాని మీదుగా దొర్లిపోతుంది. కంపలో పడున్న మడకలకు బుష్‌లు మార్చి బయటికి తీయడం రోటవేటర్ కొనడమంత ఖర్చు కాదు.

చక్రాల ఎడం

పాత ఫెర్గూసన్ టీఈ–20 ట్రాక్టర్‌కు చక్రాల ఎడం 48 నుంచి 76 అంగుళాల దాకా, నాలుగేసి అంగుళాల చొప్పున మార్చుకోవచ్చు. రిమ్మును, చక్రం పళ్లేన్ని తిరగేసి బిగిస్తే చాలు. మెట్ట వేరుశనగ సాళ్ల ఎడం 30 సెంటీమీటర్లు, అంటే సుమారు 12 అంగుళాలు. 12.4 టైరు అందులో పట్టదు. మొలిచిన పైరులో కలుపు తీయడానికి ఎద్దుల గుంటక దిగుతోందంటే ఇదీ ఒక కారణమే.