స్మార్ట్ కాంట్రాక్ట్ నేర్చుకోవాలా? మన చిట్టీనే కోడ్ గా రాసి ఫౌండ్రీ తో టెస్ట్ చేద్దాం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... మన దగ్గర ఏ బజారుకి వెళ్లినా ఒక చిట్టీ నడుస్తూనే ఉంటుంది. స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే ఏమిటో అర్థం కావాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నెల నెలా అందరూ డబ్బు కడతారు, పాట పెడతారు, పాడుకున్నవాళ్లు డబ్బు ఎత్తుకుంటారు. ఈ రూల్స్ అన్నీ చిట్టీ నడిపే మనిషి నోట్‌బుక్ లో కాకుండా, ఎవరూ దిద్దలేని ప్రోగ్రామ్ లో ఉంటే అదే స్మార్ట్ కాంట్రాక్ట్.

"ఎవరూ దిద్దలేని" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఫోన్ యాప్ లో బగ్ ఉంటే రేపు అప్‌డేట్ ఇస్తారు. కాంట్రాక్ట్ ని మామూలుగా ఒకసారి బ్లాక్‌చెయిన్ మీద పెట్టాక ఆ కోడ్ మారదు. 2016 జూన్ లో ఎథీరియం మీద "ద డావో" అనే కాంట్రాక్ట్ నుంచి దాదాపు 36 లక్షల ఈథర్ బయటకి లాగేశారు. బ్యాలెన్స్ తగ్గించకముందే డబ్బు పంపించడం, అదే అందులోని లోపం. అందుకే ఇక్కడ కోడ్ రాయడం కంటే టెస్ట్ చేయడమే పెద్ద పని.

ఏ టూల్ వాడాలి?

పాత ట్యుటోరియల్స్ లో ట్రఫుల్ కనిపిస్తుంది. దాన్ని ఆపేస్తున్నట్టు 2023 లో ప్రకటించారు, కాబట్టి కొత్తగా మొదలుపెట్టకండి. జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లకి హార్డ్‌హ్యాట్ బాగుంటుంది. నేను ఫౌండ్రీ ఎంచుకున్నాను. ఎందుకంటే ఇందులో కాంట్రాక్ట్, టెస్ట్ రెండూ సాలిడిటీ లోనే రాయొచ్చు, ఇంకో భాష అక్కర్లేదు.

ఫౌండ్రీ లో ముఖ్యంగా మూడు భాగాలు. ఫోర్జ్ కంపైల్ చేసి టెస్టులు నడుపుతుంది. యాన్విల్ మీ లాప్‌టాప్ లోనే ఒక చిన్న బ్లాక్‌చెయిన్ ని నడిపి, 10 ఖాతాలు, ఒక్కోదానిలో 10,000 ఉత్తుత్తి ఈథర్ ఇస్తుంది. కాస్ట్ తో కాంట్రాక్ట్ ని టెర్మినల్ నుంచే పిలవొచ్చు. విండోస్ వాడేవాళ్లు డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుంటే సులభం. నేను 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ లో నడిపాను, ఏ ఇబ్బందీ లేదు. ఒకసారి కంపైలర్, లైబ్రరీలు డౌన్‌లోడ్ అయ్యాక ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. హాస్టల్ లో వైఫై పోయినా పని ఆగదు.

మన చిట్టీ లెక్క

10 మంది, నెలకి 5,000, 10 నెలలు. అంటే చిట్టీ 50,000. ఈ నెల ఒకరు 8,000 తగ్గించుకుని పాడారు అనుకుందాం. వాళ్లకి వచ్చేది 42,000. మిగిలిన 8,000 లో నిర్వాహకుడి కమీషన్ చిట్టీ మొత్తం మీద 5 శాతం, అంటే 2,500. ఇంకా 5,500 ఉంది, 10 మందికి పంచితే తలా 550 డివిడెండ్. మొత్తం కలిపితే 42,000 + 2,500 + 5,500 = 50,000. లెక్క సరిపోయింది.

కాంట్రాక్ట్ లో నాలుగు ఫంక్షన్లు చాలు: కట్టు, పాడు, నెల ముగించు, తీసుకో. ఈ చివరి ఫంక్షన్ లో ముందు బ్యాలెన్స్ సున్నా చేసి, ఆ తర్వాతే డబ్బు పంపాలి. డావో కథ నేర్పింది అదే.

టెస్టులు అంటే మన అమ్మలు అడిగే ప్రశ్నలే

చిట్టీలో చేరేముందు ఇంట్లో ఏం అడుగుతారు? ఒకసారి ఎత్తుకున్నోడు మళ్లీ పాడితే? ఈ నెల కట్టనోడు పాటకి వస్తే? సభ్యుడు కానోడు డబ్బు లాగితే? ఒక్కో ప్రశ్న ఒక్కో టెస్ట్.

ఫోర్జ్ లో ఇందుకు చీట్‌కోడ్స్ ఉన్నాయి. "ప్రాంక్" వాడితే తర్వాతి కాల్ ని మీరు చెప్పిన ఖాతా చేసినట్టు నడుస్తుంది. "ఎక్స్‌పెక్ట్ రివర్ట్" అంటే ఈ పని ఫెయిల్ అవ్వాలి, అవ్వకపోతేనే తప్పు అని చెప్పడం. "వార్ప్" గడియారాన్ని ముందుకు జరుపుతుంది. 10 నెలల చిట్టీ ఒక్క క్షణంలో పూర్తవుతుంది. ఇక్కడ ఒక విషయం చూసుకోండి, సాలిడిటీకి రోజులు తెలుసు కానీ నెలలు తెలియవు. నెల అంటే 30 రోజులు అని రాస్తే 10 నెలలు 300 రోజులకే అయిపోతాయి. "ప్రతి నెలా 5వ తారీఖు" అన్నది కోడ్ లో దానంతట అది రాదు.

అసలు మజా ఫజ్ టెస్టింగ్ లో ఉంది. పాట మొత్తం 8,000 అని మనం ఇవ్వకుండా, ఏదో ఒక అంకె ఇవ్వమని ఫోర్జ్ కే వదిలేస్తే, డీఫాల్ట్ గా 256 రకాల అంకెలతో ప్రయత్నిస్తుంది. "తీసుకోవాల్సినవాళ్లందరూ తీసుకున్నాక కాంట్రాక్ట్ లో సున్నా మిగలాలి" అని షరతు పెట్టండి. టెస్ట్ ఎర్రగా వస్తుంది! ఎందుకో చూడండి. పాట 8,003 అయితే పంచాల్సింది 5,503. పదితో భాగిస్తే 550, శేషం 3. సాలిడిటీ లో దశాంశాలు లేవు, ఆ శేషం ఎవరికీ చెందకుండా కాంట్రాక్ట్ లోనే ఇరుక్కుపోతుంది. ఆ మిగులు విజేతకి ఇవ్వాలనో, వచ్చే నెలకి కలపాలనో రూల్ రాస్తేనే టెస్ట్ పచ్చగా మారుతుంది. చక్కటి అంకెలు మాత్రమే వేసి చూస్తే ఇది దొరకదు.

అన్నీ పాస్ అయ్యాక ఒక టెస్ట్

ఇప్పుడు ఈ టెస్ట్ రాయండి. రెండో నెలలో ఒకరు 42,000 ఎత్తుకున్నారు. అప్పటికి కట్టింది 10,000. మూడో నెల నుంచి వాళ్లు కట్టడం మానేశారు. ఏమవుతుంది? మూడో నెల డబ్బాలో 45,000 మాత్రమే ఉంటుంది. ఖాళీ వ్యాలెట్ నుంచి కోడ్ ఏమీ లాగలేదు, ఎవరి ఇంటి ముందూ కూర్చోలేదు.

సరే, ఇంకా కట్టాల్సిన 40,000 ని ముందే డిపాజిట్ గా లాక్ చేద్దాం అనుకోవచ్చు. టెస్ట్ పాస్ అవుతుంది. కానీ చేతిలో 40,000 ఉన్నవాళ్లు చిట్టీ ఎందుకు పాడతారు? కూతురి ఫీజుకో, మగ్గం నూలుకో డబ్బు కావాలనే కదా పాడేది. క్రిప్టో లో అప్పు ఇచ్చే ప్లాట్‌ఫామ్స్ ఎక్కువగా అప్పు కంటే ఎక్కువ విలువైన తాకట్టు అడిగేది కూడా ఇందుకే. మనిషిని నమ్మే పని కోడ్ కి చేతకాదు.

అందుకే రిజిస్టర్డ్ చిట్టీల్లో ఎత్తుకునే ముందు జామీను అడుగుతారు, వెనక 1982 చిట్ ఫండ్స్ చట్టం ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ స్టార్టప్ చిట్‌మాంక్స్ తో కలిసి తెచ్చిన టీ-చిట్స్ కూడా రిజిస్టర్డ్ చిట్టీల రికార్డులు, పర్యవేక్షణ కోసం బ్లాక్‌చెయిన్ వాడుతుంది. చట్టం స్థానంలో కోడ్ ని పెట్టలేదు, చట్టం పక్కన పెట్టింది. ప్రభుత్వ అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చిట్టీ నడపడం ఆ చట్టం ప్రకారం నేరం, కాబట్టి మన కాంట్రాక్ట్ ని ఫ్రెండ్స్ అసలు డబ్బుతో నడపకండి. యాన్విల్ లో ఆడుకోండి, ఆ తర్వాత కావాలంటే సెపోలియా టెస్ట్‌నెట్ లో పెట్టి చూడండి.

ఏ కాంట్రాక్ట్ చూసినా రెండు ప్రశ్నలు వేయండి. ఇందులో శేషం ఎవరికి పోతుంది? కట్టనోడిని ఎవరు అడుగుతారు? మొదటిదానికి జవాబు కోడ్ లో దొరకాలి. రెండోదానికి కూడా జవాబు కోడ్ లోనే ఉందని ఎవరైనా చెబితే, మీ డబ్బు జేబులోనే ఉంచుకోండి.