గోడ మీద కిటికీ... నిజమా, బొమ్మా?

గోవాలో హోటళ్లకు కొదవేముంది! కానీ హోటల్‌ని ఒక ఊరిలా కట్టడం చూడాలంటే పణజి దగ్గర డోనా పౌలాలోని 'సిడాడే డి గోవా'కి వెళ్లాలి. పోర్చుగీసులో సిడాడే అంటే నగరం. సముద్రం ఒడ్డున 1978-82 మధ్య దీన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా. ఆయన 1930లో పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే.

మాది కోయిలకుంట్ల. నంద్యాలలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వాస్కో దాకా బండి మారే పనిలేదు. అక్కడి నుంచి జువారీ వంతెన దాటి, అమ్మానాన్నలతో ఈ హోటల్లో రెండు రోజులున్నాను.

లోపల ముదురు రంగుల గోడలు, కమాన్లు. ఏదో పాత వీధిలో తిరుగుతున్నట్టే ఉంటుంది. గోడల మీద తలుపులు, కిటికీలు, మనుషులు. కొన్ని నిజమైనవి, కొన్ని వట్టి పెయింటింగులు! "ఎవురో మనల్నే చూస్తాండారు" అని అమ్మ కొంగు సర్దుకుంది. దగ్గరికెళ్తే బొమ్మ.

ఈ తమాషా వెనక ఒక ఆలోచన ఉంది. మనలాంటి ఎండల దేశంలో ఆకాశం కింద వదిలిన జాగా కూడా గదితో సమానమే అని కొరియా నమ్మేవారు. 1960ల్లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆఫీసు భవనాన్ని కూడా ఎండా నీడా లెక్క చూసుకునే డిజైన్ చేశారు.

ఈ లెక్క మా ఊళ్లకు కొత్త కాదు. నాపరాళ్లు పరిచిన మిద్దె, వెలుతురుకి పైన గవాక్షి, ముందు అరుగు, ఇంటి మధ్యలో ఖాళీ జాగా. అలాంటి మా మిద్దెను పడగొట్టి, అంగుళం వదలకుండా స్లాబు వేయాలని నాన్న ప్లాన్. లోను నా పేరు మీదే. గోడవార జాగా వదులుదామంటే "దండగ" అనేవారు.

రెండో రోజు మధ్యాహ్నం చూస్తే, నాన్న గదిలో లేరు. బయట నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏసీ గదికి అంత డబ్బు కట్టి ఇక్కడ కూర్చున్నావేంది నాన్నా?"

"ఈడ గాలి ఆడతాంది లేరా" అన్నారు.

తిరిగొచ్చాక ప్లాన్ మార్పించాం. ఇంటి మధ్యలో పదడుగుల చదరం ఖాళీగా ఉంటుంది. దాంతో ఒక పడగ్గది పోయింది. "చుట్టాలొస్తే యాడ పండుకుంటారు?" అని అమ్మ ఇప్పటికీ అడుగుతోంది. ఎండాకాలం అయితే ఆ చదరంలోనే అని నాన్న జవాబు. వానాకాలం సంగతి ఇంకా తేలలేదు!

మీరూ ఇల్లు కట్టించే ఆలోచనలో ఉన్నారా? గదులు లెక్కపెట్టే ముందు, గాలి ఎటు నుంచి వస్తుందో ఒక్కసారి చూసుకోండి.